రావాల్సిన అంకె

పరీక్షల ముందు ఇచ్చే సెలవుల్లో ఏ విద్యార్థి ఇంట్లో చూసినా ఒకటే దృశ్యం. బల్ల మీద పుస్తకాల దొంతర, పక్కన చల్లారిపోయిన టీ, "అది చదువుకుంటోంది, గట్టిగా మాట్లాడకండి" అని గట్టిగా అరిచే పెద్దవాళ్లు. సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్న ఈ అమ్మాయి ఇల్లూ అందుకు తీసిపోదు. ఇంట్లో అందరూ ఆమెను ఇంజనీరమ్మ అని పిలుస్తారు. మొదట్లో ఆటపట్టించడానికి పెట్టిన పేరే, ఇప్పుడు నాన్న నోట గర్వంగా పలుకుతోంది.

నాన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. అన్నయ్యకు పెళ్లయింది, వదినకు నెలలు నిండుతున్నాయి. ఉన్న రెండు గదుల్లో ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ సర్దుకుంటున్నారు. అందుకే డాబా మీద పైగది వెయ్యాలని నాన్న నిశ్చయించుకున్నాడు. సోమవారం నుంచి పని మొదలుపెట్టమని మేస్త్రికి కబురు కూడా పెట్టాడు.

"కింద పిల్లర్లు పైగదిని మోస్తాయో లేదో ఒక్కసారి చూసి చెప్పు తల్లీ. ఇంట్లో ఇంజనీరును పెట్టుకుని బయటివాళ్లను అడిగితే నవ్విపోతారు" అన్నాడు.

ఆమె కాలేజీలో అడిగి ల్యాబులోని సుత్తి తెచ్చుకుంది. పేరుకే సుత్తి, చూడటానికి లావుపాటి గొట్టంలా ఉంటుంది. కాంక్రీటుకు ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు వెనక్కి తన్ని ఒక అంకె చూపిస్తుంది. కాంక్రీటు గట్టిదైతే అంకె పెద్దది, డొల్లదైతే చిన్నది. ముందుగది మధ్య పిల్లరుకు అక్కడక్కడ పైపూత గీకించి, ఆమె ఒక్కోచోట నొక్కుతూ అంకెను పైకి చదువుతూ కాగితం మీద వేసుకుంటోంది. వదిన పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తోంది.

"ఇరవై రెండు" అంది ఇంజనీరమ్మ.

"అదేంటి, ఇరవై రెండు అని ముప్పై రెండు వేశావు?" అంది వదిన.

"అవునా?" ఆమె కాగితం చూసుకుంది. నిజమే. పై వరుసలోనూ అంతే. "ముప్పై పైనే రావాలి వదినా, అందుకని..."

"రావాలి సరే. వచ్చిందా?"

ఇంజనీరమ్మ ఆ రెండు అంకెలూ కొట్టేసింది. మోసం చేద్దామని ఆమె అనుకోలేదు, అదే ఆమెను భయపెట్టింది. కన్ను ఒక అంకె చూసింది, నోరు అదే పలికింది, చెయ్యి మాత్రం అలవాటైన దారిలో పోయింది.

ఆ అలవాటు ఎక్కడిదో ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం బల్ల ముందు కూర్చుని, చదివిన సబ్జెక్టులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. మొదటి ఏడాది ఫిజిక్సు ల్యాబులో లోలకం ఊపి గురుత్వాకర్షణ విలువ కనుక్కోమన్నారు. ఆమెకు వచ్చిన విలువ పుస్తకంలో ఉన్నదానికి దూరంగా ఉంది. వచ్చింది వచ్చినట్టే చూపిస్తే సారు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు. తేడా ఎందుకొచ్చిందని అడగలేదు. పక్క బెంచీవాళ్లు దారి చూపించారు: ముందు జవాబు రాసుకో, అక్కణ్నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు వేసుకో. ఆ తర్వాత ఆమె రికార్డులో ఎర్రసిరా పడలేదు. నేల ఎత్తుపల్లాలు కొలిచే సర్వే క్లాసులో వీళ్ల బృందం మైదానమంతా చుట్టి బయల్దేరిన చోటికే తిరిగొస్తే ఎత్తులో వెంట్రుకవాసి తేడా కూడా ఉండేది కాదు. ఏ సర్వేయరుకూ దక్కని ఆ భాగ్యాన్ని వీళ్లు చెట్టునీడలో కూర్చుని సాధించారు. ఇక కాంక్రీటు ల్యాబులో దిమ్మ మిషనులో నలగకముందే దాని బలం రికార్డుకెక్కేది. అన్నీ కాకిలెక్కలు, అన్నింటికీ మంచి మార్కులు. దీన్ని మోసమని ఎవరూ అనలేదు, అడ్జస్ట్ చేయడం అన్నారు. పిల్లలూ, పంతుళ్లూ, కన్నవాళ్లూ మార్కులు చూసి తృప్తిపడ్డాక అడిగేవాళ్లెవరు?

మర్నాడు పొద్దున ఆమె పిల్లర్లన్నీ మళ్లీ చూసింది. ఈసారి వదినను రాయమంది. మధ్య పిల్లరు అంకెలు మారలేదు, ముప్పైకి చేరనేలేదు.

"నాన్నా, పైగది ఇప్పుడు వద్దు. మధ్య పిల్లరు మీద నాకు నమ్మకం లేదు. ఈ సుత్తితో అనుమానమే తెలుస్తుంది, నిజం తేలాలంటే అనుభవమున్న ఇంజనీరు వచ్చి చూడాలి."

నాన్న మొహం మాడిపోయింది. "మేస్త్రికి మాటిచ్చాను. ఇన్నేళ్లు నిలబడ్డ పిల్లరు ఇప్పుడు కూలుతుందా? చదవేస్తే ఉన్న మతి పోయిందట!"

"ఇన్నేళ్లూ దాని మీద పైగది లేదు నాన్నా."

నాన్న ఏదో అనబోయేంతలో వదిన అందుకుంది. "మామయ్యగారూ, ఆ గది నాకోసమే కదా. ఇరుకైతే ఇరుకే. పసిబిడ్డను పెట్టుకుని ఆ పిల్లరు మీద నేనుండలేను."

నాన్న ఆరోజంతా ఇంజనీరమ్మ మీద విసుక్కున్నాడు. కానీ మేస్త్రిని ఆగమన్నాడు. తర్వాత వచ్చిన ఇంజనీరు పిల్లరును కొద్దిగా చెక్కించి చూశాడు. లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చులు లేస్తోంది. "పైగది మాట తర్వాత, ముందు దీన్ని బాగుచేయించండి" అన్నాడు. నాన్న ఆ ఇనుమును తడిమి, తుప్పు అంటిన వేళ్లను చూసుకుని, "అమ్మాయి ముందే చెప్పింది" అన్నాడు.

ఆ వారంలోనే ప్రాక్టికల్ పరీక్ష. లాటరీలో ఇంజనీరమ్మకు సర్వే వచ్చింది. మైదానం చుట్టి బయల్దేరిన చోటికి వచ్చేసరికి ఎత్తులో చిన్న తేడా తేలింది. "సరిచేసెయ్యవే, మార్కులు పోతాయి" అని పక్కమ్మాయి గొణిగింది. ఆమెకూ చెయ్యి లాగింది. అయినా తేడాను తేడాగానే రాసి, కింద కారణం కూడా రాసింది.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. కాగితాలన్నీ తిరగేసి ఆమె కాగితం దగ్గర ఆగాడు.

"సర్వే చేసిన అందరికీ సున్నా తేడా వచ్చింది. నీకొక్కదానికే ఎందుకమ్మా ఇలా?"

"మధ్యలో స్టాండు కాలు మెత్తటి మట్టిలో దిగింది సార్. నేను ఆలస్యంగా చూసుకున్నాను."

"మరి దిద్దుకోవచ్చుగా? ఇలా రాయమని ఎవరు నేర్పారు?"

"మా వదిన సార్."

గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, ఆ కాగితం చేతిలో పట్టుకునే మిగతావాళ్ల వైపు తిరిగాడు.

"రేపు మీరు కట్టే ఇళ్లల్లో ఎవరో పిల్లల్ని పడుకోబెట్టుకుంటారు. రావాల్సిన అంకె రాస్తే మీకు మార్కులు వస్తాయి, వచ్చిన అంకె రాస్తేనే వాళ్లకు నిద్ర పడుతుంది."