విలికేసా లేవని రోజు

శవపేటిక పక్కన నిలబడి అపిసాయి మాట్లాడుతుంటే చర్చిలో ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు. అతని నోట్లో సరస్వతి ఉందని మనమంటామే, కందవు దీవిలో అతనికి అలాంటి పేరు. రాజధాని సువాలో ప్రభుత్వ ఉద్యోగం, ఆదివారాలు ప్రసంగాలు. చిన్నాన్న విలికేసా పోయాడని తెలియగానే వైతోకా ఊరి పెద్దలు అతనికే కబురు పెట్టారు, ఆయన బతుకు గురించి నాలుగు మాటలు చెప్పమని.

చెప్పడానికి ఏముందో అతనికీ సరిగ్గా తెలియదు. విలికేసా కుర్రతనంలో మలయా అడవుల్లో యుద్ధం చేసి వచ్చాడు. వచ్చాక చేపలు పట్టుకుని బతికాడు. పతకం ఎన్నడూ పెట్టుకోలేదు, మాజీ సైనికుల కవాతుకు వెళ్ళలేదు. అక్కడ ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే "వాన. ఒకటే వాన" అనేసి వల బాగుచేసుకునేవాడు.

అయితే అపిసాయి సువాలో ఒక కథ విన్నాడు. కందవు కుర్రాడొకడు తూటాలు కురుస్తుంటే గాయపడ్డ మనిషిని భుజాన వేసుకుని, కొండ మీది నుంచి వాగు దాకా మోసుకొచ్చాడట. ఆ కుర్రాడు చిన్నాన్నే అయ్యుంటాడనుకుని ఒకసారి అడిగాడు కూడా. "నేను కాదురా" అన్నాడు విలికేసా. గొప్పలు చెప్పుకోని మనిషి కదా అని అపిసాయి నవ్వుకున్నాడు. ఇప్పుడు ఆ కథనే తీసుకుని, జారే బురద, వీపు మీద కారిన వేడి నెత్తురు, అన్నీ కళ్ళకు కట్టేలా చెప్పాడు.

పాతిపెట్టడం అయ్యాక పందిట్లో భోజనాలు. ఎమోసి అనే ముసలాయన సువా నుంచి పడవలో వచ్చాడు, విలికేసాతో కలిసి యుద్ధంలో ఉన్నవాడు. అందరూ కలిసి తాగే కావా పానీయం గిన్నె దగ్గర కుంటికాలు చాచుకుని కూర్చుని అపిసాయిని పక్కకు పిలిచాడు.

"బాగా మాట్లాడావు బాబూ. నన్ను మోసినవాడి చెమట కంపు కూడా చెప్పేవాడివేమో, ఇంకాస్త టైమిస్తే."

"మిమ్మల్నా బాబాయ్? చిన్నాన్న మోసింది మిమ్మల్నేనా?" అన్నాడు అపిసాయి సంబరంగా.

"నన్నే. కానీ మోసింది మీ చిన్నాన్న కాదు. నుకుసేరే ఊరివాడు, సకియుసా. నన్ను వాగు దగ్గర దించి, ఇంకొకడి కోసం వెనక్కెళ్ళాడు. మళ్ళీ రాలేదు."

అపిసాయి ఆయన పక్కనే చతికిలబడ్డాడు.

"నా కాళ్ళు పట్టుకోమని సకియుసా మీ చిన్నాన్నని పేరు పెట్టి కేకేశాడు. విలీ, లేవరా, విలీ అని. వీడు మొహం బురదలో పెట్టుకుని పడుకున్నాడు. లేవలేకపోయాడు. తప్పని నేననను. ఆ రోజు ఎంతమందిమి లేచాం గనక?" ఎమోసి గొంతు తగ్గించాడు. "చర్చిలో కిటికీ పక్కన తెల్లజుట్టు ఆవిడ కూర్చుంది, చూశావా? వసితి. సకియుసా పెళ్ళాం. నీ ప్రసంగం కాగానే లేచి పడవ దగ్గరికి వెళ్ళిపోయింది."

అపిసాయికి చెవులు మండిపోయాయి. పందిట్లో జనం ఇంకా అతని చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. "ఏం చెప్పావయ్యా!" అంటున్నారు. ఒక్కొక్క మెచ్చుకోలూ చెంపదెబ్బలా తగిలింది.

ఇంకో సంగతి గుర్తొచ్చి మరీ కుంచించుకుపోయాడు. చిన్నాన్న ఏటా పెండలం దుంపలు పడవలో వేసుకుని నుకుసేరే వెళ్ళేవాడు, వసితి ఇంటికప్పు బాగుచేసి వచ్చేవాడు. "ముసలి పెళ్ళికొడుకు బయల్దేరాడ్రోయ్" అని ఊరంతా ఏడిపించేది. ఆ మాట మొదట పుట్టించింది అపిసాయే. విలికేసా నవ్వి ఊరుకునేవాడు.

ఊళ్ళోని తమ ఇంటికొచ్చి భార్య కెలేరాకి అంతా చెప్పాడు.

"కాదని ఆయనే చెప్పాడు కదయ్యా నీకు?"

"చెప్పాడు."

"మరి?"

"కథ బాగుంది కదా అని..." అంటూ అతను తల వంచుకున్నాడు. కెలేరా ఇంకేమీ అనకుండా పెట్టె తెరిచి, వాళ్ళ వంశంలో దాచుకున్న తిమింగలం పన్ను తీసి అతని చేతిలో పెట్టింది. క్షమాపణకు ఉత్త చేతుల్తో వెళ్ళరు.

మర్నాడు నుకుసేరేలో, వసితి గుమ్మం లోపల చాప మీద మోకాళ్ళూని, అపిసాయి ఆ పన్ను రెండు చేతులా పట్టుకున్నాడు. ఎన్నో సభల్లో తడుముకోని నాలుక ఆ వేళ మొద్దుబారిపోయింది.

"తప్పయిపోయింది పెద్దమ్మా" అన్నాడు.

ఆవిడ చాలాసేపు పన్ను అందుకోలేదు.

"మీ చిన్నాన్న యుద్ధం నించి వచ్చాక తిన్నగా ఇక్కడికే వచ్చాడు. నీ మొగుడు నన్ను పిలిచాడమ్మా, నేను లేవలేదు అన్నాడు. మా మామగారి ముందు, అందరి ముందు. చేతిలో గరిటె ఉంటే విసిరేశాను. నొసలు చిట్లింది. మరుసటేడు మళ్ళీ వచ్చాడు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "నిన్న నువ్వు మొదలెట్టగానే, ఇన్నాళ్ళకి మా ఆయన పేరు చర్చిలో వింటాననుకున్నా. కొండ చెప్పావు, వాగు చెప్పావు. పేరు దగ్గరికొచ్చేసరికి..."

అపిసాయి నుదురు చాపకు ఆనించాడు.

పన్ను తీసుకుంది వసితి. "నాకు చెప్పడం ఎందుకు? చెప్పినచోటే చెప్పు."

చెప్పినచోట చెప్పడమంటే చిన్నాన్న బురదలో పడుకున్న సంగతీ చెప్పాలి. తిరుగు పడవలో దారంతా అదే తలపోశాడు. ఇంటి దగ్గర కెలేరా మాత్రం "అది ఆయనే చెప్పుకున్నాడు కదా, దాచడానికి నువ్వెవరు?" అంది.

ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డాడు. సకియుసా పేరు చెప్పాడు. పిలిస్తే విలికేసా లేవలేదనీ, ఆ సంగతి ఆయనే వెళ్ళి ఆ ఇల్లాలికి చెప్పుకున్నాడనీ, తాను మాత్రం కాదన్న మాట విని కూడా అబద్ధం చెప్పాననీ చెప్పాడు. ఒక్క ముక్కా అందంగా రాలేదు.

బయట వంశపెద్ద అతన్ని ఆపాడు. "చచ్చినవాడి పరువు తీశావు. ఇక మన ఇంట ఎవరు పోయినా నోరెత్తకు."

"అలాగే పెదనాన్నా" అన్నాడు అపిసాయి. చిన్నాన్న పరువు పోలేదని వాదించాలనిపించింది. కానీ తన మాట మీద తనకే నమ్మకం లేక, తల దించుకుని భార్య వెనకే ఇంటి దారి పట్టాడు.