నా కంటి పక్కన ఎర్రచుక్క

నేను ఒక పాత దుర్భిణిని. నా కథ చెప్పే ఓపిక కూడా పెద్దగా లేదు, అయినా అడిగారు కాబట్టి చెబుతాను.

ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో నా గాజులు అరగదీసి గొట్టాల్లో బిగించారు. మొదట విశాఖ హార్బరులో పనిచేసే ఒక ఆఫీసరు గారి చేతికి వచ్చాను. ఉద్యోగం ఉన్నంతకాలం ఆయన నాతో ఓడలు చూశారు. రిటైరయ్యాక ఎదురు మేడవాళ్ళు ఏం కొన్నారో చూశారు. ఒక చలికాలం అనంతగిరి కొండల్లో పిట్టలు చూసే నడకకు వచ్చి, వెంట తిప్పిన గైడు మీద ముచ్చటపడి, నన్ను అతని మెడలో వేసి వెళ్ళిపోయారు.

ఆ గైడు పేరు పాంగి దొన్ను. తెల్లారగానే నలుగురైదుగురిని వెంటబెట్టుకుని కాఫీ తోటల పైనున్న అడవిదారి పడతాడు. అందరికీ నేనొక్కదాన్నే దిక్కు. నా కుడి కన్ను దగ్గర తిరిగే రింగు ఒకటుంది. ఎవరి చూపుకు తగ్గట్టు వాళ్ళు దాన్ని తిప్పి తిప్పి నా ప్రాణం తీస్తారు. అందుకే దొన్ను తన చూపుకు కుదిరిన చోట భార్య బుదరి గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టుకున్నాడు. నడక అయిపోగానే రింగును ఆ చుక్క దగ్గరికి తెచ్చేవాడు. అప్పుడు నాకు ఇల్లు చేరినట్టుండేది.

రానురాను రింగు ఆ చుక్క దగ్గర ఆగడం మానేసింది. కొంచెం దాటేది, ఇంకొంచెం దాటేది. చివరికి ఎటు తిప్పినా అతనికి మసకే.

"దీనికి బూజట్టేసింది" అంటూ తువ్వాలుతో నన్ను రుద్దేవాడు. పట్నంలో గడియారాలు బాగుచేసే అతను విప్పి చూసి ఏమీ లేదన్నా నమ్మలేదు.

"బూజు దానికి కాదేమో. ఆస్పత్రికెల్దాం రా" అంది బుదరి.

"కళ్ళు కనపడని గైడు ఎనకాల ఎవులొస్తారే? కొండెక్కడం మానేసి నానేటి సెయ్యాలి?" అన్నాడు. భయం అతనిది, తిట్లు మాత్రం నాకు.

ఒక ఉదయం వెదురు పొదల దగ్గర ఆగి, "అదిగోండి, ఆ కొమ్మ సివర తోకపిగిలిపిట్ట. తెల్ల తోక యేలాడతంది సూడండి" అని గుసగుసగా చెప్పాడు. ఏటా ఆ పిట్ట కూర్చునే కొమ్మే అది. కానీ నాకు కనబడింది ఎండి పాలిపోయిన వెదురాకు.

బ్యాంకు మేనేజరు గారు నన్ను కళ్ళకు పెట్టుకుని "అద్భుతం!" అన్నారు. ఆయన భార్య ముద్దుగా ఉందంది. వాళ్ళ బావగారైతే తోక ఊపిందని కూడా చెప్పారు. కనబడలేదంటే ఎక్కడ చిన్నతనమైపోతుందో అని మనుషులకు బెంగ. ఓపికుంటే నవ్వేదాన్ని.

చివరగా నరసమాంబ గారు చూశారు. విజయనగరంలో కుట్టు టీచరుగా చేసి రిటైరైన మనిషి. "నాకు ఆకే కనబడుతోంది బాబూ. పిట్ట లేదు" అన్నారు. మేనేజరు గారు బూట్ల లేసులు సవరించుకోవడంలో పడ్డారు.

దొన్ను నన్ను అందుకుని చూశాడు. రింగు అటూ ఇటూ తిప్పాడు. "దీనికి బూజట్టిందండి" అన్నాడు.

మిగతావాళ్ళు ముందుకు నడిచాక ఆవిడ మెల్లగా అన్నారు: "దీంట్లోంచి అవతలి కొండ మీద ఆకు ఆకూ తెలిసింది నాకు. సూదిలో దారం ఎక్కనప్పుడు నేనూ సూదినే తిట్టాను బాబూ. ఎన్ని సూదులు మార్చానో! తీరా చూస్తే కంట్లో శుక్లం. తీయించుకున్నాక పాత సూదులన్నిటికీ దారం ఎక్కింది."

దొన్ను రాయి మీద కూలబడ్డాడు. "ఈ కొండ తప్ప నాకేటీ రాదమ్మా."

"అందుకే తీయించుకోమంటున్నాను."

వానాకాలంలో ఆపరేషన్ చేయించుకున్నాడు. నడకలు లేవు. నేను గోడ మేకుకి వేలాడుతూ, తుడిచే చెయ్యి లేక ఆ తడిలోనే ఉండిపోయాను. ఎండలు కాశాక నన్ను దించి రింగు తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. ఈసారి నిజంగానే బూజు పట్టింది నాకు. గడియారాలతను అది గాజును తినేసిందని, ఇక చేసేదేమీ లేదని చెప్పాడు.

"ఊరికే ఆడిపోసుకున్నాను దీన్ని" అన్నాడు దొన్ను.

"నీ తిట్లే తగిలుంటాయి" అంది బుదరి.

అతను నవ్వలేదు. రింగును ఎర్రచుక్క దగ్గరికి తెచ్చి నన్ను మేకుకి తగిలించాడు. అతని కంటికి చేసిన వైద్యం నా కంటికి లేదు. బాధగానే ఉంది. కానీ మెడలు మారి మారి నలిగిపోయిన ఒంటికి ఈ మేకు హాయిగానూ ఉంది.

రోజూ తెల్లారి వాకిట్లో అతని గొంతు వినబడుతుంది. మెడలో కొత్త దుర్భిణి వేసుకుని, వచ్చినవాళ్ళకు ముందుగా ఒకే మాట చెబుతాడు: "కనపడకపోతే కనపళ్ళేదని సెప్పండి. సిగ్గుపడకండి."

నాకు కనబడటం లేదు, దొన్నూ.