దెబ్బకూ దెబ్బకూ నడుమ

2024 నవంబరు 16, శనివారం. కార్తిక పౌర్ణమి మరునాటి సాయంత్రం. స్థలం: అమీర్‌పేటలో మా గల్లీ చివరనున్న సంఘభవనం, కింది హాలు. హాజరైనవారు: భజన మండలి అధ్యక్షులూ హార్మోనియం వాయించేవారూ అయిన రాజనర్సయ్య గారు, డోలక్ వాయించే మహిపాల్, తాళాలతోపాటు ప్రసాదం బాధ్యత కూడా చూసే సీతాబాయి, మండలిలో అందరికంటె పెద్దదైన కాంతవ్వ, ప్రతివాది కమలాకర్, అతని గిటారు. ఇద్దరినీ విడివిడిగా పేర్కొనడమే న్యాయం, ఎందుకంటే ఫిర్యాదంతా రెండోదాని మీదే. అదే భవనంలో పైఅంతస్తున అద్దెకుంటూ, చేతిరాత బాగుంటుందన్న అపఖ్యాతి మూలాన ప్రతి పంచాయతీకీ కాగితం రాయవలసి వచ్చే నేను కూడా ఉన్నాను.

కమలాకర్‌కు నలభై దగ్గరపడుతున్నాయి. కంప్యూటర్ కోర్సు కోసం సిరిసిల్ల నుంచి అమీర్‌పేట వచ్చినవాడు, హాస్టల్లో పక్క మంచం కుర్రాడి స్పీకరులో రెగే సంగీతం విని, కోర్సును అక్కడే వదిలేశాడు. జమైకా ద్వీపంలో పుట్టిన ఆ బాణీలో గిటారు వాయించేవాడి పని విచిత్రమైనది. అందరూ దెబ్బ వేసే చోట అతడు ఊరుకుంటాడు. అందరూ ఊరుకున్న చోట తీగల మీద ‘చక్’మని ఒక కోత కోసి, వెంటనే ఎడమచేత్తో ఆ శబ్దాన్ని అణిచేస్తాడు. జీవితాన్ని కూడా అతడు ఇంచుమించు అదే పద్ధతిలో నడిపాడు. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరినప్పుడు గోవా హోటళ్లలో వాయించాడు; వాళ్లు ఫ్లాట్లు కొన్నప్పుడు గడ్డం పెంచాడు. ఒక సినిమా రికార్డింగులో “ఇంతేనా, ఇంకేమైనా వాయిస్తావా?” అని అడిగితే, “వాయించకపోవుడే దీంట్ల కష్టం సార్” అన్నాడట. వాళ్లు మళ్లీ పిలవలేదు. ప్రస్తుతం అతని ముగ్గురు సభ్యుల బృందం శుక్రవారాలు పంజగుట్టలోని ఒక హోటల్లో వాయిస్తోంది. ఆ సంగీతానికి జనం బిర్యానీ మరీ నిదానంగా తింటున్నారనీ, బల్లలు ఖాళీ కావడం లేదనీ యజమాని గొణుగుతూ ఉంటాడు.

యూసుఫ్‌గూడలో అతడుండే అద్దెగదిలో గిటారుకు స్పీకరు తగిలిస్తే ఇంటివాళ్లు ఊరుకోరు. సంఘభవనం డాబా మీది గది ఒక్కటే ఆ బృందం సాధనకు దిక్కు. దానికి అద్దె లేదు. బదులుగా శనివారం భజనకు కమలాకర్ గిటారు వాయించాలి. కిందటేడు నోటిమాటగా కుదిరిన ఈ ఏర్పాటును రద్దు చేయాలా వద్దా అన్నదే నాటి చర్చ. గది పోతే బృందం పోయినట్టే.

“బిడ్డా, నువ్వు మంచోనివే,” అని రాజనర్సయ్య గారు మొదలుపెట్టారు. మా గల్లీలో ఈ మాటతో మొదలైన ఏ ప్రసంగమూ మంచిగా ముగిసిన దాఖలా లేదు. “కని నీకు తాళం దొరుకుతలేదు. మేం కొట్టినంక నువ్వు కొడ్తున్నవ్. ఏడాది సంది చూస్తున్న, ఒక్కనాడన్న మాతోని కలిసినవా?”

“అది కావాలనే కాకా. రెగేల గట్లనే ఉంటది.”

“కావాల్నని తప్పు వాయిస్తున్నవా!” సీతాబాయి తాళాలు కింద పెట్టేసింది. “తెల్వక జేస్తుండు పాపమని నేనిన్నొద్దులు ఎనకేసుకొచ్చిన గదరా!”

మహిపాల్ గొంతు సవరించుకున్నాడు. “అన్నా, ఏమనుకోకు. నువ్వు నడుమల చక్కుమంటుంటె నాకు స్పీడ్ ఎత్తుకోనీకి వస్తలేదు. పంజగుట్ట దుకాణంల మా బామ్మర్దిని కూసోబెట్టొచ్చిన. గిరాకి మీద పడ్డా వాడు ఫోన్ల నుంచి తల ఎత్తడు. నేను జల్ది పోవాలె.”

ఇక్కడొక వివరణ అవసరం. ప్రతి కీర్తననూ నిదానంగా ఎత్తుకొని, చరణం చరణానికీ వేగం పెంచి, చివరకు గుర్రప్పందెంలా ముగించడం మా మండలి సంప్రదాయం. భక్తి పరాకాష్ఠకు చేరిందని దానికి అర్థం చెబుతారు. పులిహోర చల్లారుతోందని అర్థం చెప్పేవారూ ఉన్నారు. కమలాకర్ వచ్చాక ఆ పరుగు ఆగిపోయింది.

“సరే కాకా,” అన్నాడు కమలాకర్, గిటారు పట్టీని గట్టిగా పట్టుకొని. “మీరెట్ల జెప్తె గట్ల వాయిస్త. గది మాత్రం తీస్కోకున్రి.”

పరీక్షగా ఒక శివకీర్తన ఎత్తుకున్నారు. కమలాకర్ చూచిరాత రాసే పిల్లవాడి ముఖం పెట్టుకొని, సరిగ్గా డోలక్ దెబ్బ మీదే వాయించాడు. రెండో చరణానికి మహిపాల్ కళ్లెం వదిలేశాడు. మూడో చరణానికి తాళాలకూ డోలక్‌కూ మధ్య తగాదా వచ్చింది. చివరకు కీర్తన ముగిసిందనే మాట నిజమే గాని, ఎవరు ముందు ముగించారో తేల్చడం కష్టం.

“అబ్బ! గిది... భజనంటె... గిది,” అన్నారు రాజనర్సయ్య గారు, మాటమాటకూ ఊపిరి తీసుకుంటూ.

కాంతవ్వ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకొని గోడకానుకొని కూర్చుంది.

“ఏమైందవ్వా?” అని సీతాబాయి కంగారుగా అడిగింది.

“ఏమైతది? రెండో చరణంలనే దిగిపోయిన. మీ బస్సు ఆగదాయె.”

“మునుపు సుత గింతే ఉరికేటోళ్లం గదా!”

“మునుపు సుత దిగిపోయేదాన్ని. ఎన్నేండ్ల సందో నేను ఉత్తగ పెదవులాడిచ్చుడే. గీ పోరడొచ్చినంకనే ఆఖరు దాంక పాడుతున్న. వాడు నడుమల చక్కుమంటె మీరు ఉరకరు, నాకింత ఊపిరి దొరుకుతది. వాణ్ణి ఎల్లగొడితె నన్ను సుత ఎల్లగొట్టున్రి. ఇద్దరం మీది గదిల కూసోని పాడుకుంటం.”

“గీ ముచ్చట ముందుగాల జెప్పకపోతివి?” అన్నారు రాజనర్సయ్య గారు.

“చెప్పనీకి ఊపిరేది?”

కమలాకర్ గడ్డం నిమురుకున్నాడు. “అవ్వా, జమైకాల సుత నా గిటారును ఎవ్వలు గింత మంచిగ మెచ్చుకోలే.”

“నువ్వెప్పుడు పోయినవురా జమైకా?” అంది సీతాబాయి.

“పోలే అత్తా. పాస్‌పోర్టే లేదు.”

కాంతవ్వ పట్టుబట్టడంతో అదే కీర్తనను మళ్లీ ఎత్తుకున్నారు, ఈసారి కమలాకర్ పద్ధతిలో. మహిపాల్ రెండుసార్లు పరుగందుకోబోయాడు. రెండుసార్లూ దెబ్బకూ దెబ్బకూ నడుమ నుంచి ఆ ‘చక్’ అతణ్ణి చొక్కా పట్టుకొని వెనక్కి లాగింది. కాంతవ్వ చివరి చరణం దాకా పాడింది. గొంతు అంత గొప్పదేమీ కాదు. కాని నేను రెండేళ్లుగా పైఅంతస్తు నుంచి భజనలు వింటున్నా, ఆ చరణంలోని మాటలు స్పష్టంగా వినబడింది ఆనాడే.

“ఇయ్యాల హార్మోనియం మంచిగ పలికింది,” అన్నారు రాజనర్సయ్య గారు. అంతకుమించి ఒప్పుకోవడం అధ్యక్ష పదవికి తగదు.

తర్వాత వారు చెప్పగా నేను రాశాను. కీర్తనలకు కమలాకర్ తనకు తోచినట్టు వాయించవచ్చు. మంగళహారతికి మాత్రం గంటతో కలిసే వాయించాలి. దేవుణ్ణి అయోమయంలో పెట్టరాదు. మహిపాల్ హారతి కళ్లకద్దుకొని, ప్రసాదం పొట్లం కట్టించుకొని దుకాణానికి పోవచ్చు. డాబా మీది గది బృందానికే ఉంటుంది.

అందరూ సంతకాలు చేశారు. కాంతవ్వ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. చివర కమలాకర్ వంతు. నేను స్కేలు పెట్టి గీసిన గీత మీద గాక, అతడు రెండు గీతల నడుమ ఖాళీలో సంతకం చేశాడు. రాజనర్సయ్య గారు కళ్లద్దాలు పెట్టుకొని చూశారు, ఏదో అనబోయారు, కాంతవ్వ వైపు చూసి మానుకున్నారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, హార్మోనియం పెట్టెలో అడుగున ఉంచి మూత వేశారు.