వెన్నెల పడవ అసలు పేరు

గిన్నెలు సగం తోమి, చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గర ఆరబెట్టిన రీడ్, సాక్సోఫోన్ మూతికి బిగించే పల్చటి రెల్లు పలక, ఎలా ఉందో చూద్దామని ఆమె రెండడుగులు వేసిందో లేదో, ముందుగదిలోంచి అత్తగారి మాట వచ్చింది.

"బూర తర్వాత ఊదుకోవచ్చు. ముందు గిన్నెలు చూడు."

అత్తగారు కోపంగా అనలేదు. ఆవిడ ఏదీ కోపంగా అనదు. 'ముందు' దగ్గర గొంతు కాస్త లేపి, 'గిన్నెలు' మీద ఓ క్షణం నిలబెట్టి, 'చూడు' దగ్గరికొచ్చేసరికి మెట్లు దిగుతున్నట్టు నెమ్మదిగా కిందికి దింపుతుంది. ఇక దానిమీద మాట్లాడటానికేమీ మిగలదు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆ రోజు మాత్రం సింకు దగ్గర మళ్ళీ నిలబడ్డాక, నురగలో మునిగిన తన వేళ్ళు వాటంతటవే కదలడం గమనించింది. ఎడమచేతి వేళ్ళు గ్లాసు అంచుమీద, కుడిచేతి వేళ్ళు పళ్ళెం అడుగున, అత్తగారి మాటకి స్వరాలు వెతుక్కుంటున్నాయి. పైకొకటి, అక్కడ కాస్త నిలకడ, ఆపైన జారుడు. బాగుంది కదా అనుకుంది. అవమానం బాగుందనుకోవడమేమిటని తనమీద తనకే నవ్వొచ్చింది.

అత్తగారు మధ్యాహ్నం నడుం వాల్చాక, పడగ్గదిలో బీరువా తలుపులు తెరిచి, భర్తవి వేలాడుతున్న కోట్ల మధ్యకి సాక్సోఫోన్ మూతి దూర్చి వాయించింది. కోట్లు శబ్దాన్ని మింగేస్తాయి. ఆ ఇంట్లో ఆమె సంగీతానికి దొరికిన చోటు అదే. మొదటిసారి ఆ మాటని ఉన్నదున్నట్టు పలికించింది. తర్వాత 'ముందు'ని పక్కకి తోసేసి 'గిన్నెలు' దగ్గర మొదలుపెట్టింది. తర్వాత రెండు మాటల మధ్య ఊపిరి బిగబట్టి ఓ ఖాళీ వదిలింది. ఆ ఖాళీ వదలడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు చొక్కాల ఫ్యాక్టరీ నుంచి వచ్చాక అమ్మ ఇంట్లో కూడా మిషను ముందు కూర్చునేది. మిషను దడదడలాడుతూ పరుగెత్తి, దారం తెగినచోట ఠక్కున ఆగేది. అమ్మ దారం ఎక్కించేదాకా ఇల్లంతా చెవులు రిక్కించుకున్నట్టుండేది. మంచంమీద పడుకున్న పిల్లకి ఆ పరుగు కన్నా ఆ ఆగడమే ఇష్టంగా ఉండేది. పెద్దయ్యాక మొదటిసారి జాజ్ సంగీతం విన్నప్పుడు, ఇది అమ్మ మిషనే కదా అనుకుంది.

సాక్సోఫోన్ ఆమె చేతికి రావడం కూడా విచిత్రంగానే జరిగింది. బడి బ్యాండులో మగపిల్లలు డ్రమ్ములకోసం, ట్రంపెట్లకోసం కొట్టుకున్నారు. మిగిలిపోయిన ఈ బరువుని రోజూ ఇంటికి మోసుకెళ్ళడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. "నువ్వు మోస్తావా?" అన్నాడు బ్యాండు టీచరు. వాయిస్తావా అని అడగలేదు. ఆమె మోసింది. వాయించడం తర్వాత దానంతటదే వచ్చింది.

ఇప్పుడామె వాయిస్తున్నది భర్త బాబాయి నడిపే బ్యాండులో. ఆయన పియానో వాయిస్తాడు. ఊరంతా మాస్టారంటారు, ఆమె మామయ్యగారంటుంది, ఆయన ఆమెని బూరపిల్ల అంటాడు. డ్రమ్స్ భర్తవి. అడుగున మంద్రంగా మోగే బేస్ వాయించేది ఓ పొడుగాటి పెద్దాయన, నెలకో మాట మాట్లాడే రకం. టైర్ల దుకాణం మీద అద్దె హాల్లో రిహార్సల్స్. ఆమె ఆ బ్యాండులో చేరినప్పుడు ఇంకా పెళ్ళి కాలేదు. అప్పట్లో టీ ఎవరికి తీరికైతే వాళ్ళు పెట్టేవారు. పెళ్ళయిన మర్నాటినుంచి ఆమే పెడుతోంది. పెట్టమని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి పెట్టనని ఎవరికి చెప్పాలో కూడా తెలియలేదు.

రిహార్సల్ అయ్యాక భార్యాభర్తలు ఒకే స్కూటరుమీద ఇంటికొస్తారు. అతను షూస్ విప్పకుండానే సోఫాలో వాలిపోతాడు. "పాపం, పొద్దుట్నించీ వాయించి వాయించి వచ్చాడు" అంటూ తల్లి మంచినీళ్ళు తెచ్చిస్తుంది. అదే నోటితో కోడలి వైపు తిరిగి "ఇంతసేపా?" అంటుంది. ఇద్దరూ వచ్చింది ఒకే బండిమీద. ఒకళ్ళు అలిసిపోయి వచ్చారు, ఇంకొకళ్ళు ఆలస్యంగా వచ్చారు.

సింకు దగ్గర పుట్టిన పాటని ఆమె రిహార్సల్లో వినిపించినప్పుడు మాస్టారు కళ్ళు మూసుకుని విన్నాడు. "ఫర్వాలేదే బూరపిల్లా, ఇందులో ఏదో ఉంది. నేను కాస్త సరిచేస్తాలే" అని కింద పియానోలో రెండు స్వరాలు మార్చాడు. నెల తిరిగేసరికి అది ఆయన పాటయింది. పేరు 'వెన్నెల పడవ'. ఎక్కడ వాయించినా జనం మళ్ళీ అడిగి వాయించుకునేవారు. భర్త రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కాకోసం గదిలోంచి అరిచే "ఇంకా అవలేదా?" మీద ఆమె ఇంకో పాట కట్టింది. దానికి ఆయన 'మబ్బుల మేడ' అని పేరు పెట్టాడు. ఉండబట్టలేక ఓ రోజు, "మామయ్యగారూ, ఇవి ఎవరి పేరుమీద వస్తాయి?" అని అడిగింది. ఆయన పియానోమీంచి తలెత్తకుండా "నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. ఆ 'అమ్మా'లో ఎంత తీపి ఉందో అంత తలుపు మూసిన చప్పుడూ ఉంది. వారం తిరక్కుండా దానిమీదా పాట కట్టి ఆయనకే వినిపించింది. తన గొంతు తనే గుర్తుపట్టలేక ఆయన మురిసిపోయి దానికి 'తొలివలపు' అని పేరు పెట్టాడు. ఆ రోజు టీ పెడుతూ ఒక్కతే చాలాసేపు నవ్వుకుంది. ఇలా చాటుగా నవ్వుకుంటూ ఎన్నేళ్ళు గడిపేయొచ్చో తలుచుకుంటే భయమేసింది.

టౌన్ హాలులో వాళ్ళ కచేరీని రేడియోలో నేరుగా ప్రసారం చేస్తామని కబురొచ్చింది. అంతకుముందు మాటామంతీకోసం రేడియోలో పనిచేసే ఒకావిడ రిహార్సల్ హాలుకి వచ్చింది. ఈ పాటలకి ప్రేరణ ఏమిటని మాస్టారుని అడిగింది. ఆయన కాస్త వెనక్కి వాలి, వయసులో ఉండగా ఒక వెన్నెల రాత్రి, ఒక పడవ, అందులో ఒకమ్మాయి అంటూ మొదలుపెట్టాడు. బేస్ పెద్దాయనకి దగ్గొచ్చింది. ఆమె టీ కప్పుల పళ్ళెం పట్టుకుని వింటూ నిలబడింది. పడవలో అమ్మాయి చున్నీ ఏ రంగో కూడా చెప్పాడాయన.

రేడియో ఆవిడ ఆమె వైపు తిరిగింది. "మీకో? మీరు వాయిస్తుంటే ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంటుంది. మీ ప్రేరణ ఏమిటి?"

పళ్ళెం ఎక్కడ పెట్టాలా అని ఆమె చూస్తుండగానే భర్త నవ్వుతూ అందుకున్నాడు. "ఇంకెవరు, నేనే. మా ఇంట్లో ఎవరూ దేనికీ అడ్డు చెప్పరండి. చాలా ఫ్రీడమ్ ఇచ్చాం." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్విన నోరు ఆ తర్వాత చాలాసేపు చేదుగా ఉంది.

మర్నాడు సాయంత్రం డాబామీద ఆరిన బట్టలు మడతపెడుతూ భర్తతో అంది. "ఆ పాటలు నావని మీకు తెలుసు కదా."

"తెలీకేం."

"మరి మీరైనా చెప్పచ్చు కదా."

"చెప్పి? బాబాయి మొహం ఎలా చూడమంటావు? ఇంట్లోవాళ్ళమే కదా, పేరు ఎవరిదైతే ఏం? బయటివాళ్ళు పట్టుకుపోయారా?" అన్నాడు. దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి చెయ్యి చాచి, ఫోన్ మోగితే వదిలేసి వెళ్ళాడు. దుప్పటి కొస నేలమీద పడింది. బయటివాళ్ళు పట్టుకుపోతే దొంగతనమని కేకలు వేయొచ్చు, ఇంట్లోవాళ్ళు పట్టుకుపోతే దాన్ని కాపురమనాలి కాబోలు అనుకుంటూ ఆమె ఆ కొసని దులిపింది. అతను చెడ్డవాడు కాదు. పెళ్ళికి ముందు ఆమె వాయిస్తుంటే, ఆమె బాగా వినబడాలని డ్రమ్స్‌మీద కర్రలు పక్కనపెట్టి మెత్తగా మోగే తీగ కుంచెలు తీసుకునేవాడు. అది చూసే అతన్ని ఇష్టపడింది. అతని చేతులకి తెలిసింది అతని నోటికి ఎప్పటికి తెలుస్తుందో, అప్పటిదాకా కాచుకుని కూర్చోవాలా అన్నదే ఆమె ప్రశ్న. కూర్చోనక్కర్లేదని అక్కడే, ఆ దుప్పటి మడత పూర్తయ్యేలోపే తేలిపోయింది. ఏం చెయ్యాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

కచేరీ నాడు హాలు నిండిపోయింది. ముందు వరసలో అత్తగారు కొత్త చీర కట్టుకుని కూర్చుంది. రెండు పాటలయ్యాక మాస్టారు లేచి, "ఇప్పుడు, చాలా ఏళ్ళ క్రితం ఓ వెన్నెల రాత్రి నా మనసులో పుట్టిన 'వెన్నెల పడవ'" అని చెప్పి, చప్పట్ల మధ్య పియానో ముందు కూర్చున్నాడు. ఆ పాటని సాక్సోఫోన్ ఒక్కటే మొదలుపెట్టాలి. ఆమె ఊదేదాకా ఎవరూ ఏమీ చేయడానికి లేదు. సాక్సోఫోన్ నోటిదాకా ఎత్తి, దింపింది. మైకు ఎదురుగానే ఉంది.

"చిన్న సవరణ" అంది. తన గొంతు అంత పెద్ద హాల్లో తిరగడం ఆమెకే వింతగా ఉంది. "ఈ పాట పేరు వెన్నెల పడవ కాదు. దీని పేరు 'ముందు గిన్నెలు చూడు'. మా ఇంట్లో సింకు దగ్గర నేను కట్టుకున్నాను. నా ప్రేరణ ఏమిటని మొన్న రేడియోవాళ్ళు అడిగితే జవాబు నా బదులు ఇంకొకరు చెప్పారు. ఇప్పుడు నేను చెప్తాను. మీ ఇళ్ళల్లో కూడా వినే ఉంటారు."

మధ్య వరసల్లో ఎవరో ఒకావిడ పకాలున నవ్వింది. ఆ నవ్వు పక్కావిడకి అంటుకుని, వెనక్కి పాకింది. మగవాళ్ళు కొందరు తలతిప్పి తమ ఆడవాళ్ళని చూసుకున్నారు. ఆమె సాక్సోఫోన్ ఎత్తి, ఆ మాటని అత్తగారి గొంతులోనే పలికించింది. ఎక్కడ లేవాలో అక్కడ లేచి, ఎక్కడ జారాలో అక్కడ జారింది. నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ పడవని విన్నవాళ్ళు మొదటిసారి మాటని విన్నారు.

పియానో మోగలేదు. మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె వెనక్కి చూసింది. భర్త చేతులు అలవాటుకొద్దీ లేచాయి, బాబాయి చూపు పడగానే దిగిపోయాయి. ఆ దిగడం ఆమెకి గుండెల్లో తగిలింది. సరేననుకుంది. ఒక్కతే వాయించింది. బీరువాలో కోట్ల మధ్య తొక్కిపట్టిన ఊపిరంతా బయటికి వదిలింది. 'ముందు'ని ప్రశ్నగా అడిగింది, ఎందుకు ముందు, ఎవరికన్నా ముందు అన్నట్టు పదేపదే అడిగింది. 'గిన్నెలు'ని విసిరి కొట్టింది. అమ్మ దారం ఎక్కించుకునే ఆ ఖాళీలో ఆగి నిలబడింది. అంతలో కింద, నెలకో మాట మాట్లాడే పెద్దాయన బేస్ అందుకుంది. ఇద్దరూ కలిసి నడిచారు. చివర్లో 'చూడు' దగ్గరికొచ్చాక ఆమె కిందికి దిగలేదు. పైకి ఎక్కింది, ఊపిరి ఉన్నంతసేపూ అక్కడే నిలబెట్టింది.

చప్పట్లు ఇంకా వినబడుతుండగానే తెరవెనక మాస్టారు ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "నా బ్యాండులో నీకు చోటు లేదు" అన్నాడు.

ఆమె రీడ్ విప్పి తుడుస్తూ, "తొలివలపు కూడా వాయించాల్సింది మామయ్యగారూ. అది మీ మాటే. మీరు గుర్తుపట్టలేదు" అంది.

మర్నాడు పొద్దున్న అత్తగారు టీ కప్పు ముందు పెట్టుకుని కూర్చుంది. టీ చల్లారిపోయాక కప్పు పక్కకి జరిపి, "నలుగురిలో నా పరువు తీశావు. రేడియోలో విని మా అక్క ఫోన్ చేసింది. నవ్విందో ఏడ్చిందో తెలీలేదు" అంది. మళ్ళీ ఇటు తిరిగి, "అయినా, చివర్లో అంత గట్టిగా పైకి నేనెప్పుడన్నాను?" అంది.

"మీరనలేదు అత్తయ్యా. అది నా జవాబు."

అత్తగారు ఆమెని పరాయి మనిషిని చూసినట్టు చూసి, లేచి గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు వేసుకోలేదు.

భర్త ఆ తర్వాత లేచొచ్చాడు. రాత్రంతా ఆలోచించి ఓ దారి కనిపెట్టినవాడిలా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బాబాయితో మాట్లాడాను. సరదాకన్నానని ఒక్క మాట చెప్పు చాలు. మళ్ళీ రానిస్తానన్నాడు. రేడియో ఆవిడకి కూడా అలాగే చెబుదాం."

ఆమెకి కోపం రావాల్సింది. దానికి బదులు తీరుబడిగా అనిపించింది. అతను లేవకముందే బేస్ పెద్దాయన ఫోన్ చేశాడు. టైర్ల దుకాణం పక్కసందులో ఆయన తమ్ముడి గోడౌన్ ఖాళీగా ఉందట, పొద్దుటిపూట వాయించుకోవచ్చట. ఆ నెలకి ఆయన మాటల కోటా అయిపోయింది.

"చెప్పను" అంది. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నాలిక్కి అలవాటు చేసుకున్న 'మీరు' ఆ తర్వాతి మాటల్లోకి ఎందుకో రాలేదు. ఆమె కూడా దానికోసం వెతకలేదు.

"నేను సొంతంగా బ్యాండు పెడుతున్నాను. నా పాటలు, నేను పెట్టిన పేర్లు. బేస్ దొరికింది, డ్రమ్స్ ఇంకా దొరకలేదు. రావాలనుంటే సోమవారం పొద్దున రా. వాయించి చూపించు. నచ్చితే తీసుకుంటాను."