మసేనమ్మ నిలబడే చోటు

మసేనమ్మ కూర్చుంటే సముద్రం అడుగున బండ కదిలిపోతుంది. అందుకని ఇరవై రెండేళ్లుగా ఆమె పొద్దున్నే లేచి, ఎర్రచీర కట్టుకుని, ఒడ్డున నిలబడుతుంది.

ఇందులో వింతేమీ లేదు. ఆమె మొగుడు దానయ్య తెప్ప మీద లోపలికి వెళ్తాడు. ఊరు చిన్నదైపోయేదాకా తెడ్డు వేసి, అప్పుడు వెనక్కి తిరిగి చూస్తాడు. ఊరి వెనక కొండకి నెత్తిన ఒక నొక్కు ఉంది. ఆ నొక్కు కింద సరిగ్గా ఎర్రచీర కనబడిందంటే తెప్ప కింద బండ ఉన్నట్టే. బండ చుట్టూ వంజరం చేపలు తిరుగుతుంటాయి. ఊళ్లో నలభై తెప్పలూ దానయ్య వెనకే వెళ్లి, ఆ బండ మీదే బతుకుతాయి.

ఒకసారి చెల్లెలి కూతురి పెళ్లికని మసేనమ్మ పక్క ఊరు వెళ్లింది. బండ కూడా ఆమె వెంట పెళ్లికి వెళ్లింది. ఆ ఊరివాళ్లు నాలుగు రోజులూ వంజరాల పులుసు తాగి, "ఇంకో రెండ్రోజులుండి ఎల్దువు గానమ్మా" అని ఆమె చేతులు పట్టుకుని బతిమాలారు. ఇక్కడేమో నలభై ఇళ్లలో పచ్చడి మెతుకులు. ఆ తర్వాత మసేనమ్మ ఏ శుభకార్యానికీ వెళ్లలేదు.

కాళ్లు పీకవా అంటే, పీకుతాయి మరి! ఎండకి కళ్లు బైర్లు కమ్ముతాయి. అయినా ఆ నిలబడటం అంటే ఆమెకి ప్రాణం. ఇంట్లో ఉన్నంతసేపూ దానయ్య కంచం కేసి చూస్తాడు, కంచం ఖాళీ అయితే వల కేసి చూస్తాడు. సముద్రం మీదకి వెళ్తేనే పెళ్లాం కేసి చూస్తాడు. పొద్దున్నుంచి అన్నం వేళదాకా, రెప్ప వెయ్యకుండా! ఊళ్లో ఏ ఆడదానికి ఉంది ఆ భాగ్యం? వెనక కొండ మీంచి రోజూ పొద్దున్నే టకటకమని రాళ్లు దొర్లుతుంటాయి. ఆమె ఆ చప్పుడుకి కూడా తల తిప్పదు.

ఉత్తరాన ఓడలకోసం రాళ్లగోడ కట్టిన దగ్గర్నుంచి సముద్రం ఇటువైపు ఒడ్డుని కొరుక్కు తింటోంది. అది ఒక అడుగు ముందుకొస్తే మసేనమ్మ ఒక అడుగు వెనక్కి వేస్తుంది, కొండనొక్కుకి సూటిగా. ఇసుక దిబ్బ అయిపోయింది. వలలు ఆరేసే చోటు అయిపోయింది. ఇప్పుడు ఆమె తన వంటింట్లో పొయ్యిగట్టు మీద నిలబడుతోంది. ముందుగోడకి సంగతి తెలుసు కనుక పొద్దున్నే పక్కకి తప్పుకుంటుంది. పైన రేకులు ఆమె తల పట్టేంత మేర విచ్చుకుంటాయి.

సోమవారం నాడు తీరం సర్దుబాటు ఆఫీసు నుంచి ఇందుమతి మేడం వస్తుంది. చంకలో సముద్రం పటం, దుప్పటిలా మడతపెట్టి ఉంది. వెనక ఇద్దరు మనుషులు ముగ్గుపిండి బస్తాలు మోసుకొస్తారు. వాళ్లు నీళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి గీతలు గీస్తారు. గీతలు ఆరేదాకా అలలు కదలకుండా ఓపిక పడతాయి.

ఈ ముక్క ఓడల దారికి. ఈ ముక్క తాబేళ్లకి. అవి తెల్లవారకముందే వచ్చి వేలిముద్రలు వేసి వెళ్లాయట. ఈ ముక్క హోటలు వాళ్ల రంగుల పడవలకి. ఓడలవాళ్లు తాబేళ్ల ముక్క కేసి చూసి పళ్లు నూరుతారు. హోటలు వాళ్లు ఓడల దారి కేసి చూసి మూతి ముడుచుకుంటారు. ఎవరి ముక్క వాళ్లకి చిన్నదే.

"మధ్యలో ఈ ముక్క ఎవరిది?" అంటుంది మేడం.

"మాదండి. అడుగున బండున్నాది," అంటాడు దానయ్య.

"గుర్తేమిటి?"

"నా ఆడమనిసండి."

మేడం మసేనమ్మని తేరిపార చూస్తుంది. "ఈవిడ తుమ్ముతారా?"

"జలుబు సేత్తే తుమ్ముతాదండి."

"తుమ్మే గుర్తు చెల్లదు. శుక్రవారంలోగా తుమ్మని గుర్తు పెట్టకపోతే ఈ ముక్క ఓడల దారిలో కలిసిపోతుంది. తర్వాత నన్ను అనుకోకండి."

మేడం చెడ్డమనిషేమీ కాదు. స్తంభం కూడా తనే పంపిస్తుంది. టేపు పెట్టి మసేనమ్మ ఎత్తు కొలుస్తారు, భుజాలు కొలుస్తారు, నడుం కూడా కొలుస్తారు. మంగళవారానికల్లా అదే కొలతల్తో పసుపుపచ్చ సిమెంటు స్తంభం వస్తుంది. దాన్ని మోకాలి లోతు నీళ్లలో పాతుతారు. ఆ చోటు ఒకప్పుడు ఒడ్డు. కొత్తకోడలిగా వచ్చిన మర్నాడు మసేనమ్మ మొట్టమొదట నిలబడింది సరిగ్గా అక్కడే.

"ఇక కూర్చోండమ్మా," అంటారు బస్తాలవాళ్లు.

మసేనమ్మ అరుగు మీద కూర్చుంటుంది. మోకాళ్లకి కూర్చోవడం మర్చిపోయింది, నాలుగుసార్లు చెప్పాల్సి వస్తుంది. కూర్చుని ఊపిరి బిగపట్టి చూస్తుంది. బండ కదలదు. ఒక్క బెత్తెడు కూడా కదలదు. ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

బుధవారం పొద్దున్నుంచి అన్నం వేళదాకా దానయ్య స్తంభం కేసి చూస్తాడు. నలభై తెప్పలకీ చేపలే చేపలు. ఇంటికొచ్చేసరికి అతని కళ్లలో చూపు అడుగంటి ఉంటుంది. కంచం కేసి కూడా చూడడు, తడుముకుని తింటాడు.

"ఎలగున్నాది నీ సిమెంటు పెళ్లాం?" అంటుంది మసేనమ్మ.

"ఉన్నాది. తుమ్మదు, దగ్గదు. కాపోతే ఎండలో తెల్లగా అవుపడతన్నాది. కూసింత ఎర్రగుడ్డ కట్టాల."

కట్టనే కడతాడు. మసేనమ్మ పెళ్లిచీర అంచు చింపి మరీ కడతాడు! దాంతో ఊళ్లో ఆడవాళ్లంతా ఒడ్డుకి వెళ్లి, ఎంత ఓర్పో, ఎంత నిదానమో అని స్తంభాన్ని మెచ్చుకుంటారు. సాయంత్రానికి దానికి చెవుల దగ్గర రెండు గవ్వలు అతుక్కుంటాయి, దుద్దుల్లాగ. నడుం కాస్త సన్నబడుతుంది.

మసేనమ్మ తలుపు చాటున నిలబడి పది వేళ్లూ మెటికలు విరుస్తుంది. సవతి! ఇన్నాళ్లు ఎండకీ వానకీ తను నిలబడితే, రాత్రికి రాత్రి ఎవత్తో వచ్చి ఆ చూపులన్నీ ఎగరేసుకుపోవడమా? అదీ తన కొలతలతోనే!

గురువారం మధ్యాహ్నం ఊరంతా చేపల బేరంలో ఉండగా నీళ్లలో దిగి స్తంభం ముందు నిలబడుతుంది.

"ఓసి నీ దుంపతెగ! ఏటి సూసి మురిసిపోతన్నాడే నీలో?" అంటుంది.

"ఆయన చూసేటప్పుడు నువ్వేం చేసేదానివి?" అంటుంది స్తంభం.

"ఏటి సేత్తాను? ఊరికే నిలబడేదాన్ని."

"నేనూ అంతే."

ఆ మాట మసేనమ్మకి తగలాల్సిన చోటే తగులుతుంది. తగిలినప్పుడు కోపం ఎక్కువవుతుంది కదా. స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని పెకలించి, దక్షిణంగా పది బారల దూరం ఈడ్చుకెళ్లి పాతేస్తుంది. బండ తప్పిపోతుంది, రేపు వట్టి తెప్పతో వస్తాడు, అప్పుడు తెలుస్తుంది పెళ్లాం విలువ. ఆమె లెక్క అంతే. తక్కిన ఊరు ఆ క్షణంలో ఆమెకి గుర్తే రాదు.

శుక్రవారం దానయ్య అందరికన్నా ముందు బయల్దేరతాడు. మసేనమ్మ అరుగు మీంచి చూస్తూ ఉంటుంది. వట్టి తెప్పా లేదు, ఏమీ లేదు. స్తంభం దక్షిణంగా జరిగింది కనుక బండ కూడా దక్షిణంగా జరిగి, ముగ్గుగీత దాటి, ఓడల దారిలో పడుకుంది. దానయ్య దాని మీద గేలం వేసుకుని హాయిగా కూర్చున్నాడు.

ఓడ వస్తోంది. చాలా పెద్ద ఓడ. దాని ముందుభాగం ఇవాళ వస్తుంది, వెనకభాగం రేపు వస్తుంది. దానయ్య ఓడ కేసి చూడడు. అతను స్తంభం కేసి చూస్తున్నాడు.

మసేనమ్మ అరుగు మీంచి లేస్తుంది. "ఓ మావా! ఓడొచ్చేత్తన్నాదిరో మావా!" అని గొంతు చించుకుంటుంది. అంత దూరాన చూపు అందుతుంది గానీ మాట అందదు. పరుగున వెళ్లి ఎర్రచీరతో పొయ్యిగట్టెక్కుతుంది. గోడ తప్పుకుంటుంది, రేకులు విచ్చుకుంటాయి, ఆమె రెండు చేతులూ ఊపుతుంది. దానయ్య ఇటు చూడడు. బండ కూడా ఆమె మాట వినడం మానేసింది.

ఇక మిగిలింది ఒకటే దారి. మసేనమ్మ నీళ్లలోకి దూకి, స్తంభాన్ని పెకలించి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుంటుంది. అది వెచ్చగా ఉంటుంది. ఆమె ఉత్తరానికి ఒక అడుగు వేస్తే, దూరాన బండ ఒక అడుగు జరుగుతుంది, బండ మీద తెప్ప ఒక అడుగు జరుగుతుంది. తెప్ప మీద మొగుడు చూపు మరల్చకుండా జరుగుతాడు. చూస్తున్నది తన చంకలో ఉన్న దాని కేసేనని ఆమెకి తెలుసు. తెలిసీ నడుస్తుంది.

"నెమ్మదిగా," అంటుంది స్తంభం.

"నోర్ముయ్యే," అంటుంది మసేనమ్మ.

పదో బార దగ్గర పాత గుంట కాలికి తగులుతుంది. తెప్ప ముగ్గుగీత లోపలికి వస్తుంది, ఓడ ముందుభాగం దాటిపోతుంది, దానయ్య తలపాగా తడుస్తుంది. మసేనమ్మ స్తంభాన్ని గుంటలో దించి, చుట్టూ రాళ్లు తొక్కి, వదులైన ఎర్ర అంచుని తన చేతులతోనే గట్టిగా ముడివేస్తుంది. సవతికి చీర సర్దిన మొదటి ఆడదాన్ని నేనేనేమో అనుకుంటుంది. ఏడుపు తన్నుకొస్తుంది, ఏడుస్తుంది.

అప్పుడే ఇందుమతి మేడం వచ్చి స్తంభం ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తుంది. తుమ్మలేదని రాసుకుంటుంది. "బండ ఇక మీ ఊరిదే," అని ముద్ర కొట్టి వెళ్లిపోతుంది. నలభై ఇళ్లవాళ్లు ఈలలు వేస్తారు.

అన్నం వేళకి దానయ్య తెప్ప లాక్కొస్తాడు.

"ఇయాల బండ ఒక సుట్టు నడిసొచ్చినాదే," అంటాడు.

"మావా, ఒక్క మాట సెప్పు. ఉత్తినే కాదు, ఒట్టేసి సెప్పు. నువ్వక్కడ కూకుని ఎవుల కేసి సూత్తావు? దాని కేసా?"

"దాని కేసేటి? కొండ కేసి." దానయ్యకి ప్రశ్నే అర్థం కాదు. "ముందు కొండనొక్కు మీద సూపు నిలబెట్టాల. ముందరున్నదాన్ని తరవాత దాని కిందకి తెచ్చుకోవాల. అలా అయితేనే బండ దొరుకుద్ది."

"నాను నిలబడ్డప్పుడో?"

"అప్పుడూ అంతేనే. నువ్వు కొండకి అడ్డంగా ఉండేదానివి," అని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్తాడు.

గుర్తు అన్నది వెనక్కి తిరగకూడదు. ఇప్పుడు మసేనమ్మ గుర్తు కాదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆమె కొండ కేసి తిరుగుతుంది.

నొక్కులో ఒక స్త్రీ నిలబడి ఉంది. మబ్బులు ఆమె మోచేతుల దాకా వస్తున్నాయి. కట్టుకున్న చీర ఎండకీ వానకీ రంగు పోయి బండరాతి రంగులోకి దిగింది. ఆమె సముద్రం కేసి చూడటం లేదు. సరిగ్గా మసేనమ్మ నడినెత్తి కేసి, కళ్లలో నిప్పులు పోసుకుని చూస్తోంది. చూస్తూ చూస్తూ పది వేళ్లూ మెటికలు విరుస్తోంది. కొండ మీంచి టకటకమని రాళ్లు దొర్లుతున్నాయి.

రోజూ పొద్దున్నే వినబడే చప్పుడు అదే.

మసేనమ్మ పక్కకి తప్పుకుందామనుకుంటుంది గానీ కాళ్లు కదలవు. ఆ స్త్రీ కుచ్చెళ్లు పైకి దోపుకుని, నొక్కు ఖాళీ చేసి, ఊళ్లోకి మొదటి అడుగు వేస్తుంది. ఒడ్డున ఆరబెట్టిన నలభై తెప్పలూ ఒక్కసారిగా ఆమె కేసి తిరుగుతాయి.