రాయి మింగిన రూలు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బాలసుందరం ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కోడలు వేదవల్లి ఎంగిలాకులు తీసేది. ఆయన భార్య రంగమ్మాళ్ నడవలోని నల్లరాతిని తడిగుడ్డతో తుడిచేది. కొడుకు చిన్నసామి చింతగింజలూ ఆటకాయలూ ఉన్న డబ్బా తెచ్చి పెట్టేవాడు. అప్పుడు బాలసుందరం పీట వేసుకొని, తాంబూలం బుగ్గన పెట్టి, "సరి, ఎవరెవరు ఏ వేషం?" అని అడిగేవాడు. ధర్మపురి బస్టాండుకు నాలుగు వీధుల అవతల, వాళ్ళ చింతపండు మండీ వెనకే ఆ ఇల్లు.

ఆ ఆట పేరు బాట ఆట. రాతిమీద అరవై గళ్ళ బాట చెక్కి ఉంటుంది. ఆడేవాళ్ళు తలా ఒక వేషం ఎత్తుకోవాలి. ఒకరు రాజు, ఒకరు సంతకు పోయే వ్యాపారి, ఒకరు దొంగ, ఒకరు మంత్రసాని. ఏరు పొంగిందనో, పులి అడ్డంగా పడుకొని ఉందనో ఇంటిపెద్ద చెబుతాడు. అప్పుడేం చేస్తారో ఆడేవాళ్ళు నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో చింతగింజలు తేలుస్తాయి. చివరి గడి పేరు గడప. దాన్ని దాటితే గెలిచినట్టు.

రాతిమీద అరచెయ్యి ఆనించి రూలు చెబితే, రాయి నీళ్ళు మింగినట్టు గుటక వేస్తుంది. ఇక ఆ రూలు తప్పిన కాయ లేవదు. ఒకసారి మండీలో మూటలు మోసేవాళ్ళు ముగ్గురు కలిసి లాగినా బొటనవేలంత కాయ కదల్లేదు. వానాకాలంలో తలుపు బిగుసుకుంటే ఎంత ఆశ్చర్యపోతారో అంతే ఆశ్చర్యపోయి, వాళ్ళు మళ్ళీ మూటల దగ్గరికి పోయారు. ఆటమీద పందెం వేస్తే ఆ బరువు కాళ్ళకూ వచ్చేది. బెంగుళూరులో పనికి పోతానని పందెం వేసి ఓడినప్పటినుంచి చిన్నసామి కాలు ఆ ఊరి బస్సు మెట్టుమీదికి లేవదు. కండక్టర్లకు కూడా ఆ సంగతి తెలుసు.

తాతల నాడు ఉన్నవి ఏడు రూళ్ళు. బాలసుందరం చేతికి వచ్చాక రెండు వందలు దాటాయి. తుమ్మితే మూడు గళ్ళు వెనక్కి. దొంగ ఎదురైతే గింజలు ఎడమచేత్తో వెయ్యాలి. ఆడవేషమైతే రెండుసార్లు వెయ్యాలి. మంగళవారం పుట్టినవాళ్ళైతే రెండోది చెల్లదు. ఒక్క ఏరు దాటేసరికి పొద్దు వాలేది. అవన్నీ గుర్తున్నది ఆయన ఒక్కడికేనని ఇంట్లో అనుకునేవాళ్ళు. కానీ ఏడేళ్ళుగా నోరెత్తకుండా విన్న వేదవల్లికి ప్రతి ఒక్కటీ గుర్తే. వాటిలో తనను ఆపడానికని పెట్టినవి ఏవో కూడా గుర్తే.

ఎనభై రెండో సంవత్సరంలో బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టే పథకం వచ్చింది. వేదవల్లి పదకొండో క్లాసు దాకా చదివింది. మొగుడితో మాత్రం చెప్పి అర్జీ పెట్టుకుంది. కారిమంగళం పక్క పల్లె బడిలో ఆ పని చూసుకోమని ఆర్డరు వచ్చింది. సోమవారం పొద్దున చేరాలి.

బాలసుందరం ఆ కాగితాన్ని రెండుసార్లు మడిచి పీటకింద పెట్టాడు.

"వద్దు అనే మాట నేను అననమ్మా. ఆదివారం రాతిమీద పెట్టుకుందాం. గడప దాటితే పో. రాయి ఏమంటే అదే."

ఆ మాటకు వేదవల్లి ఒళ్ళు మండిపోయింది. వద్దని మొహం మీద చెప్పి ఉంటే పోట్లాడి ఉండేది. ఈ మనిషి ఎప్పుడూ చేతులు దులుపుకొని రాతిమీద తోసేస్తాడు.

ఆదివారం ఆమె మంత్రసాని వేషం తీసుకుంది. చిన్నసామి వ్యాపారి. బాలసుందరం ఎప్పటిలాగే రాజు. రంగమ్మాళ్ స్తంభానికి ఆనుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. ముప్పై అయిదేళ్ళుగా రాతిని తుడిచిందే కానీ ఆమె ఒక్కనాడూ ఆడలేదు.

వేదవల్లి గింజలు ఆరోజు చక్కగా పడ్డాయి. పులికి కాన్పు చేస్తానని చెప్పి దారి తీసుకుంది. సుంకం అడిగినవాడి పెళ్ళానికి మందిచ్చి దాటింది. ఏటి ఒడ్డుకు వచ్చేసరికి బాలసుందరం అరచెయ్యి రాతిమీద పెట్టాడు.

"మంత్రసాని ఒంటరిగా ఏరు దాటకూడదు."

రాయి గుటక వేసింది.

"ఆట నడస్తా ఉంటే కొత్త రూలా, మామా?"

"నడస్తా ఉంటే పెట్టకూడదని రూలుందా?"

లేదు. ఆమె మొగుడివైపు చూసింది. చిన్నసామి తండ్రి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు. చివరికి "నేను తోడు పోతాను" అన్నాడు. గింజలు వేశారు. ఇద్దరూ ఏరు దాటారు. బాలసుందరం కొడుకువైపు చూస్తూ తాంబూలం గట్టిగా నమిలాడు.

గింజలు మూడుసార్లు వేశాక వేదవల్లి కాయ గడప గడిలో నిలబడింది. ఇంకొక్కసారి గింజలు పడితే చాలు. బాలసుందరం మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఈసారి నవ్వుతూ పెట్టాడు.

"ఇంటావిడ తన నోటితో 'పో' అనందే కోడలు గడప దాటకూడదు."

గుటక పడింది. ఆయన భార్యవైపు తిరిగి చూశాడు. ఆ చూపు ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. రంగమ్మాళ్ తల దించుకొని చేటలోకి చూసింది.

"అత్తా," అంది వేదవల్లి. "ఒక్క మాట కదా అత్తా."

రంగమ్మాళ్ వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి.

వేదవల్లి కాయను ఎత్తబోయింది. అది బండరాయిలా కూర్చుంది. రెండు చేతులతో లాగింది. గోరు చీలి నెత్తురు వచ్చింది. ఏడేళ్ళు మింగినదంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"ఇది ఆటనా? మీరు గెలిచేదాకా మీరే గీత గీస్తా పోతే దీన్ని ఆట అంటారా? మీ రాజుకు ఏరు లేదు, సుంకం లేదు, తుమ్ము లేదు. ఉండేదంతా మాకే!"

"గొంతు తగ్గించు."

"తగ్గించను!"

ఆమె రాతిమీద చెయ్యి వేసి కొట్టింది. ఇంటికి కోడలిగా వచ్చిన ఆడది రూలు చెబితే రాయికి పట్టదని బాలసుందరం ఎప్పుడూ చెప్పేవాడు. అది నిజమో కాదో ఎవరూ పెట్టి చూడలేదు.

"రూలు పెట్టినవాడికే ఆ రూలు ముందు పట్టాలి!"

చప్పుడు లేదు. బాలసుందరం నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే రాయి గుటక వేసింది. ఇంతకు ముందెన్నడూ అంత గట్టిగా వెయ్యలేదు. డబ్బాలో గింజలు గలగలలాడాయి.

ఆయన గడప గడిలోనే ఉన్న తన రాజు కాయను పట్టుకొని చూశాడు. అది లేవలేదు. మళ్ళీ పట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "థూ, ఏమి ఆట!" అంటూ లేచి, తాంబూలం ఉమ్మడానికి వాకిలివైపు పోయాడు. ఎడమకాలు గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కుడికాలితో ప్రయత్నించాడు. అదీ లేవలేదు. నోటినిండా తాంబూలంతో అక్కడే నిలబడిపోయాడు.

రంగమ్మాళ్ చేట కింద పెట్టి ఆ కాళ్ళవైపు చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో ఆమె పుట్టింటికి పోవాలన్నా, చెల్లెలి కూతురి పెళ్ళికి పోవాలన్నా, అదియమాన్‌కోట్టై గుడికి పోవాలన్నా ఆ కాళ్ళ యజమానినే అడిగింది. 'చూద్దాం' అనేవాడు. ఆ చెల్లెలు పోయింది. దాని మొహం ఆఖరిసారి చూడనేలేదు.

ఆమె కోడలివైపు తిరిగింది.

"పో, వేదా."

కాయ వేదవల్లి వేళ్ళ మధ్య పువ్వులా లేచింది. ఆమె గింజలు వేసింది. గడప దాటింది. పీటకింద చెయ్యి పెట్టి తన కాగితం తను తీసుకుంది.

సోమవారం పొద్దున్నే ఆమె నీలం చీర కట్టుకొని బయలుదేరింది. చిన్నసామి బస్టాండు దాకా సంచి మోసుకొని వచ్చాడు. కారిమంగళం బస్సు మెట్టుమీదికి ఆమె కాలు ఇట్టే లేచింది. కిటికీ పక్కన సీటు దొరికింది.

ఇంటి దగ్గర బాలసుందరం తెల్లచొక్కా వేసుకొని, గొడుగు చంకన పెట్టుకొని గడపకు లోపల నిలబడి ఉన్నాడు. మండీ తెరిచే వేళ దాటింది. వీధిలో మూటలవాళ్ళు రెండుసార్లు వచ్చి పిలిచి పోయారు.

"రంగూ," అన్నాడు మెల్లగా. ఆ పేరుతో పిలిచి ముప్పై ఏళ్ళయింది. "ఆ ఒక్క మాట అంటే నేను పోతాను కదా."

రంగమ్మాళ్ కాఫీ గ్లాసు పట్టుకొని వచ్చి ఆయన పీటమీదే కూర్చుంది. ఊదుకుంటూ ఒక గుక్క తాగింది.

"చూద్దాం," అంది.