తొందరపెట్టిన పొట్టేలు

లాతిర్‌కి తొందరెక్కువ. తియెస్ ఊళ్ళో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. జిగురు ఆరకముందే కుర్చీ ఎక్కి కూర్చుని చూసుకునే వడ్రంగి వాడు. అలాంటివాడి చేతిలో పెట్టింది వాళ్ళక్క సిగా, తన మొగుడు మిగిల్చిపోయిన ఒకే ఒక్క మగ గొర్రెపిల్లని.

ఆ మహానుభావుడు బతికున్నన్నాళ్ళూ లడూమ్ జాతి గొర్రెలే లోకంగా బతికాడు. దూడంత ఎత్తున ఎదిగే తెల్లటి పొట్టేళ్ళు. ఆయన పోయిన ఏడే ముసలి పొట్టేలూ పోయింది. దాని సంతానంలో మగది ఈ పిల్ల ఒక్కటే.

"జాగ్రత్తగా పెంచరా. ఇది ఎదిగాక మన గొర్రెల్ని దీంతోనే దాటిద్దాం. మీ బావ పేరు నిలబడుతుంది" అంది సిగా. అందాకా ఆడగొర్రెల్ని ఇంకే పొట్టేలు దగ్గరికీ పోనివ్వకుండా ఆపుకుని కూచుంది.

లాతిర్ పిల్లని మేడ మీద కట్టి, వేరుశనగ తీగ మేపి, రోజూ సబ్బుతో కడిగాడు. బాగానే ఎదుగుతోంది. ఎదగనిస్తే ఏం పోయేది? పొట్టేళ్ళని కోసే తబాస్కి పండక్కి ముందు జరిగే పోటీలో దాన్ని పెద్ద పొట్టేళ్ళ సరసన నిలబెట్టి, బావ పేరు మైకులో పిలిపించాలని వాడికి బుద్ధి పుట్టింది. సంతలో ఎవడో మగ హార్మోను సీసాలు అమ్ముతుంటే కొనుక్కొచ్చి, వారం వారం సూది పొడిచాడు. మెడ లావెక్కింది, కొమ్ములు తిరిగాయి. పాలు మరిచి ఎన్నాళ్ళో కాని పిల్ల కాస్తా గిట్టలతో నేల తవ్వడం మొదలెట్టింది. వాడు మురిసిపోయాడు.

ఒకరోజు టీకా వెయ్యడానికి పశువుల డాక్టరు యెరో వచ్చాడు. యెరో ఫుల్బే వాడు, లాతిర్ సెరేరు. ఆ రెండు జాతులకీ పరాచికాల వరస. ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే, కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టే.

డాక్టరు పిల్ల పొట్ట కింద చెయ్యి పెట్టి తడిమాడు. "ఏరా నా బానిసా, దీని వట్టలేవీ? అన్నంలో కలుపుకుని మింగేశావా?"

"చెయ్యి తియ్యి, గొర్రెల దొంగా. బరువు చూసుకుని రేపు ఎత్తుకుపోదామనా?"

"కాదురా, నిజంగానే అంటున్నా. ఈ వయసుకి మామిడికాయలంత ఉండాలి. రేగిపండ్లలా ఉన్నాయి. సూదులేమన్నా వేస్తున్నావా? వేస్తుంటే ఆపెయ్."

"ఏడుపు. మీవాళ్ళ పొట్టేళ్ళు ఓడిపోతాయని ఏడుపు నీకు."

యెరో నవ్వేశాడు. లాతిర్ అంతకంటే గట్టిగా నవ్వాడు. ఫుల్బే వాడి మాట నమ్మిన సెరేరు అనిపించుకుంటే ఊళ్ళో తలెత్తుకోగలడా మరి. డాక్టరు నవ్వుతూనే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కొంప మునిగింది అక్కడే.

పోటీలో గెలిచారు. మైకులో మొగుడి పేరు విని సిగా కళ్ళొత్తుకుంది. తర్వాత ఆడగొర్రెల్ని వదిలారు. పొట్టేలు ఎగబడి దాటింది. దాటిన గొర్రెలన్నీ మళ్ళీ ఎదకొచ్చాయి. మళ్ళీ దాటించారు. ఒక్కటీ చూలు కట్టలేదు.

లాతిర్ పొట్టేల్ని తోలుకుని యెరో దగ్గరికి పోయి సూదుల సంగతి చెప్పాడు. ఈసారి యెరో తిట్టలేదు. లాతిర్‌కి అదే భయమేసింది.

"ఎదిగే వయసులో మెదడు కిందుండే చిన్న గ్రంథి వట్టలకి కబురంపుతూ ఉంటుంది, పెరగమని" అన్నాడు డాక్టరు. "ఆ కబురందితేనే అవి పెరిగి మగ హార్మోను చేస్తాయి. నువ్వు దాన్ని బయటినుంచి పోశావు. ఒంట్లో కావలసినంత ఉంది కదా అని మెదడు కబురు ఆపేసింది. మెడ పెరిగింది, వట్టలు ఆగిపోయాయి."

"ఇప్పుడు సూదులు మానేస్తే?"

"ముదురు పొట్టేలైతే తేరుకునేదేమో. దీనికి అవి పెరగాల్సిన నెలలే దాటిపోయాయి. నాకైతే ఆశ లేదు. ఆ రోజు నిన్ను కూర్చోబెట్టి గట్టిగా చెప్పాల్సింది, లాతిర్. నేనూ నవ్వేసి పోయాను."

మరుసటి వానాకాలం దాకా చూశారు. లాభం లేకపోయింది. లాతిర్ అక్క ముందు కూర్చుని అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఒక్క ఏడాది ఓపిక పట్టలేకపోయానే అని తల బాదుకున్నాడు.

"యెరో ముందే చెప్పాడా?" అంది సిగా.

"చెప్పాడక్కా. వెక్కిరిస్తున్నాడనుకున్నా."

"నాకు పోటీ ఎందుకురా? నేనడిగానా?" అందామె. "ఆడగొర్రెల్ని ఇంకెవరి పొట్టేలుకైనా తోలు. దీన్ని మాత్రం అమ్మకు, పండక్కి కొయ్యకు. నా వాకిట్లో కట్టి, రోజూ నువ్వే వచ్చి మేత వెయ్యి."

రోజూ వెళుతున్నాడు. చూడ్డానికి అంత అందమైన పొట్టేలు ఆ వీధిలో లేదు. దారినపోయేవాళ్ళు ఆగి, "సిగమ్మా, దీనికి పిల్లలు పుడితే మాకొకటి అట్టేపెట్టు" అంటారు. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ, తలెత్తకుండా, "మా తమ్ముణ్ణి అడగండి" అంటుంది.

వాళ్ళు లాతిర్ వైపు తిరుగుతారు. ఇక పుట్టవండీ, నేనే పాడుచేశాను అని వాడు రోజూ ఎవరో ఒకరికి చెప్పుకుంటూనే ఉన్నాడు.